వరసలో ఆకుపచ్చ బిందె

నేను ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెను. అంతకుముందు ఎవరింటి పగిలిన బకెట్టునో, ఎవరింటి విరిగిన మగ్గునో నాకే తెలియదు. అందరినీ కలిపి కరిగించి, అచ్చులో ఊది తీశారు. కరిగేటప్పుడు మాలో ఎవరూ పక్కవాళ్లది ఏ ఇల్లని అడగలేదు. ఆ అడగడమనేది మనుషుల మధ్యకు వచ్చాకే చూశాను.

ఆదోనిలో కొండ కింద ఒక సందు. సైకిల్ మీద వచ్చిన పాతబట్టలాయనకు చీరలిచ్చి, నోరు నొప్పి పుట్టేదాకా బేరమాడి తిక్కమ్మ నన్ను తెచ్చుకుంది. మర్నాడే కుళాయి దగ్గర వరసలో పెట్టి చక్కా వెళ్లిపోయింది. వదిలేసిందేమోనని బెంగపడ్డాను. కాదట! నీళ్లు వచ్చేదాకా నేనే తిక్కమ్మనట. బస్సెక్కడానికి ఒకరినొకరు తోసుకునే జనమే, ఖాళీ బిందెల ముందు బుద్ధిగా ఆగిపోయేవాళ్లు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలుసుకోవాలని ఎంత చెవి ఒగ్గినా తేలలేదు. అన్నింటికన్నా ముందు ఎప్పుడూ ఈరమ్మవ్వ స్టీలు బిందె ఉండేది. ఎందుకని అడిగితే, 'మొదటినుంచీ అంతే' అనేవాళ్లు. ఒకరి బిందెను మరొకరు ముట్టుకోకపోవడమూ మొదటినుంచీ అంతే.

ఆ వేసవిలో చివరి ఇంట్లోకి ఉరుకుందమ్మ కాపురానికి వచ్చింది. ఏ ఊరో, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. చంకలో పిల్ల, చేతిలో ఒకే ఒక్క బిందె. ఒకరోజు నీళ్లు వేళకంటే ముందే వచ్చాయి. వరసలో మేమున్నాం, మనుషులు లేరు. ఉరుకుందమ్మ అటూ ఇటూ చూసి, ఈరమ్మవ్వ బిందెతో మొదలుపెట్టి ఒక్కోదాన్నీ నింపుతూ పోయింది. నన్నూ మెడదాకా నింపింది. తన బిందె కుళాయి కింద పెట్టేసరికి నీళ్లు ఆగిపోయాయి.

ఆడవాళ్లంతా పరుగున వచ్చారు.

"ఎవురు మే నా బిందె ముట్టింది?" అంది ఈరమ్మవ్వ.

"నేనే అవ్వా. నీళ్లు వచ్చి పోతాండాయని పట్టినా. మా ఊర్లో బోరింగు కాడ ముందొచ్చినోళ్లు అందరివీ కొట్టి పెడతాము. పట్టకుంటే తప్పంటారు."

"ఈడ పడితే తప్పు."

ఈరమ్మవ్వ తన బిందె ఎత్తి కాలువలో గుమ్మరించింది. ఆమె పారబోసిందని పక్కామె, పక్కామె పారబోసిందని ఆ పక్కామె. మంచినీళ్ల కోసం జుట్లు పట్టుకునే సందులో మంచినీళ్లు కాలువ పాలయ్యాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉరుకుందమ్మ పిల్లను అదుముకుని నిలబడింది. ఈ పూటకు నీళ్లు లేవు సరే, రేపటినుంచి వరసలో చోటుంటుందా? ఆమె ముఖంలో కనిపించిన భయం అదే.

తిక్కమ్మ వంతు వచ్చింది. అందరి కళ్లూ ఆమె మీదే. తీసుకెళితే రేపు నన్నూ వరసలోంచి నెట్టేస్తారు. ఆమె నా మెడ పట్టుకుంది. ఎత్తింది. కాలువ దాకా వెళ్లింది. అక్కడ పక్కకు తిరిగి, నాలోని నీళ్లన్నీ కుళాయి కిందున్న ఉరుకుందమ్మ బిందెలో పోసేసింది.

"నాకు వద్దు లే," అని గట్టిగా అంది, అందరికీ వినపడేలా.

ఉరుకుందమ్మ ముట్టిన నీళ్లు తిక్కమ్మ తీసుకోలేదు కదా అని వాళ్లు ఊరుకున్నారు. ఉరుకుందమ్మ పిల్లకు ఆ పూట నీళ్లు దొరికాయి. మనుషుల తెలివికి నేను అబ్బురపడ్డాను. మర్నాడు తిక్కమ్మ నన్ను వరసలో పెట్టి, నా వెనకే ఉరుకుందమ్మ బిందెను పెట్టించుకుంది.

ఏళ్లు గడిచి నా అడుగున చిల్లు పడింది. తిక్కమ్మ పాతసామాన్లలో పడేస్తుంటే ఉరుకుందమ్మ అడిగి తీసుకుంది. రోజూ తన బిందె వెనక నన్నూ పెడుతోంది.

"చిల్లు బిందె ఎవురిది మే?" అని అడిగింది ఈరమ్మవ్వ ఒకరోజు.

"కొత్తగా వచ్చేటోళ్లది అవ్వా. పద్ధతి తెలిసేదాకా చోటుండాల కదా."

నీళ్లు వచ్చాయి, వరస కదిలింది. ఉరుకుందమ్మ నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్లింది. నన్ను ముందుకు జరిపేవాళ్లు లేక నేను వెనకబడిపోయాను. అప్పుడు ఈరమ్మవ్వ వచ్చి, వంగలేక వంగి, నా మెడ పట్టుకుని ముందుకు జరిపింది. అందరూ చూశారు.