ఉత్తుత్తి చావు

నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆ రోజు మాత్రం నోరు మూసుకుని, చేతితో పని కానిచ్చాను.

మా ఎన్నికల ఆఫీసులో ఓటర్ల జాబితాకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆపరేటర్లందర్నీ హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. చనిపోయినవాళ్ల పేర్లు ఎలా తీసెయ్యాలో చూపిస్తూ, "ఎవరిదైనా ఓటరు నంబరు కొట్టండి. ఉత్తుత్తికే, ఏదీ నమోదు కాదు," అన్నాడు నేర్పే ఆయన. కంఠతా వచ్చే నంబర్లు ఎవరివుంటాయి? ఇంట్లోవాళ్లవే. పక్క సీటాయన నవ్వుతూ బావమరిదిని చంపాడు. నేను మా అత్తయ్యను చంపాను.

పొద్దున్నే గొడవైంది మరి. నేను తోమిన గిన్నెలన్నీ ఆవిడ మళ్లీ దించి తోమింది. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా అదే తంతు. "జిడ్డు పోలేదే తల్లీ" అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. "మరణించారు" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఉన్నమాట చెప్పొద్దూ, ఆ క్షణాన ప్రాణానికి హాయిగానే అనిపించింది.

పోలింగ్‌కు నాకు మా వీధి బళ్లోనే డ్యూటీ పడింది. ట్యాబ్‌లో నంబరు కొట్టి, పేరు సరిచూసి లోపలికి పంపడం నా పని. బయల్దేరుతుంటే అత్తయ్య ఎప్పట్లాగే గుమ్మంలో నా గుర్తింపు కార్డు అందించింది.

"ఇది మర్చిపోయి ఎక్కడికే, మతిమరుపు మొహమా!"

పెళ్లికి ముందు వాళ్ల నాన్న, తర్వాత మామయ్య ఎవరికి వెయ్యమంటే వాళ్లకే ఓటేసిన మనిషి. మామయ్య పోయాక ఇవే మొదటి ఎన్నికలు.

"ఈసారి నా ఇష్టం. ఎవరికేస్తానో నీకు కూడా చెప్పను పో," అంది. ఆ ముఖంలో అంత సంబరం నేనెన్నడూ చూడలేదు.

మోకాళ్ల నొప్పితోనే రెండు గంటలు వరసలో నిలబడింది. నా బల్ల దగ్గరికొచ్చి, నేనెవరో తెలియనట్టు దర్జాగా ఓటరు కార్డు చాచింది. నంబరు కొట్టాను. తెర ఎర్రబడింది. మరణించారు.

శిక్షణకు నకలు జాబితా పెట్టడం ఎవరో మరిచారు. మేం చంపినవాళ్లంతా అసలు జాబితాలోనే చచ్చారు.

బూత్ అధికారి నా వెనకనుంచి వంగి చూశాడు. "ఈవిడ పోయినట్టు రాశారే! నమోదు చేసింది ఆపరేటర్ పద్నాలుగట. ఎవడో గానీ, వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తాను!" అంటూ ఫోన్ తీశాడు.

అత్తయ్యకు చదువు రాదు, అంకెలు వచ్చు. ఆవిడ చూపు నా మెడలోని కార్డు మీద, 14 అన్న అంకె దగ్గర ఆగింది. రోజూ తను అందించే కార్డే.

"బతికే ఉన్నాను కదా బాబూ! ఒక్క ఓటేగా," అంది ఆయనతో.

"నా చేతుల్లో ఏముందమ్మా? జాబితాలో లేకపోతే కుదరదు."

"సార్, అది..." అంటూ నేను లేవబోయాను.

"నువ్వు కూర్చో," అంది అత్తయ్య. చెయ్యి చాచి, నా కార్డు తీసి నా కుర్తా జేబులో పెట్టింది. "వేలాడుతూ మిషనుకు తగులుతోంది."

కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికెళ్లగానే కాళ్లు పట్టుకున్నాను. "కావాలని చెయ్యలేదత్తయ్యా, ఒట్టు! ఉత్తుత్తికే అన్నారు."

"ఉత్తుత్తికైనా నేనే గుర్తొచ్చానా?" అంది.

మర్నాటినుంచి గిన్నెల జోలికి రావడం మానేసింది. వారం చూశాను. ఉండబట్టలేక ఒకరోజు ఒక గిన్నెకు కావాలనే జిడ్డు వదిలేసి ఆవిడ ముందు పెట్టాను. తిట్టండి అత్తయ్యా, ఒక్క మాట తిట్టండి అని లోలోపల ఏడుస్తూ నిలబడ్డాను.

ఆవిడ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. జిడ్డు వేలికి అంటింది. వేలు తుడుచుకుని, గిన్నెను అలాగే తీసుకెళ్లి అరలో బోర్లించింది.