ఎనిమిదో నంబరు బూట్లు

కొలత నోటితో చెప్పేవాళ్ళను నేను నమ్మను. పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. నడుము ముప్ఫై రెండే, రాసుకోండి అని ఎంత ధీమాగా చెప్పినా సరే, టేపు వేయందే కత్తెర పట్టను. అలాంటిదాన్ని, ఆ మధ్యాహ్నం బూట్ల షాపాయన కాలి సైజు అడగ్గానే తడుముకోకుండా ఆరు అనేశాను. ఆరు మా అక్క సైజు.

మూడు వారాల్లో మా నడక బృందం కొండ ఎక్కబోతోంది. ఆ దారి మొదట లోయలోకి దిగి, ఆ తర్వాతే శిఖరం వైపు తిరుగుతుంది. పోయినేడు ఆ దిగుడులోనే నా పని అయిపోయింది. అడుగు వేసినప్పుడల్లా బొటనవేళ్ళు బూటు ముందుకు గుద్దుకుని, సగం దారిలో ఒక బండ మీద కూలబడ్డాను. నన్ను వెనక్కి తీసుకురావడానికి ఇద్దరు తమ ప్రయాణం మానుకున్నారు. రెండు గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. మా లీడరు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఈసారి కూడా మధ్యలో తిరిగొస్తే ఇక నా పేరు రాసుకోనని మొహమాటం లేకుండా చెప్పేశారు. అక్క మాత్రం శిఖరం దాకా వెళ్ళొచ్చి, మా చెల్లెలికి కొండలు పడవని కనిపించినవాళ్ళందరికీ చెబుతోంది. పడనివి కొండలో బూట్లో తేల్చుకుందామని నేను షాపుకి బయల్దేరాను. అక్క పిలవకుండానే వెంట వచ్చింది. ఆవిడ హెడ్మిస్ట్రెస్. బడి గేటు దాటినా ఆ ఉద్యోగం మాత్రం దిగదు.

షాపు ఇరుకు. గోడల నిండా అట్టపెట్టెలు, మధ్యలో గులకరాళ్ళు అతికించిన ఒక ఏటవాలు చెక్క. షాపాయన ముందు దళసరి మేజోళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే బూట్లు తొడిగించాడు. నేను లేచి నిలబడగానే అక్క వంగి, బూటు కొసన బొటనవేలితో నొక్కి చూసింది.

"సరిపోయాయి. ప్యాక్ చేసెయ్యండి."

ఆయన ఒప్పుకోలేదు. చెక్క మీద పైనుంచి కిందికి నడవమన్నాడు. నాలుగో అడుగుకే వేళ్ళు ముందుకు కొట్టుకున్నాయి. పోయినేటి నొప్పే, అణువంత తేడా లేదు.

"ఆరని మీకు ఎవరు కొలిచారమ్మా?" అన్నాడాయన.

మెడలో టేపు వేసుకుని బతికేదాన్ని, నా కాలు ఒక్కసారీ కొలుచుకోలేదు. చిన్నప్పుడు ఏటా బడి తెరిచే రోజుల్లో అక్కకి కొత్త బూట్లు, నాకు అక్క పాతవి. అమ్మ కుట్టుమిషను మీంచి లేవకుండానే, దానికి సరిపోయాయేమో నొక్కి చూడవే అనేది. అక్క నొక్కి చూసి, సరిపోయాయి అనేది. పెద్దయ్యాక కూడా అక్క నంబరే నా నంబరైంది. పోయినేడు మా ఇద్దరికీ బూట్లు తెచ్చిందీ అక్కే. రెండు జతలూ ఆరే.

షాపాయన నన్ను బరువంతా కాళ్ళ మీద వేసి నిలబడమని కొలిచాడు. కుడికాలు ఏడున్నర, ఎడమకాలు ఎనిమిది. పెద్దకాలికి తగ్గట్టే తీసుకోవాలన్నాడు. అక్కడినుంచి మొదలైంది నా మొండిపట్టు. ఒక జతలో మడమ లేచింది, ఒకటి చీలమండని కొరికింది, ఇంకొకటి పక్కల నొక్కింది. నచ్చనివన్నీ విప్పి పక్కన పెడుతూ పోయాను. అక్క గడియారం చూసుకుంటూ, అన్నీ ఒకటేనే, ఏదో ఒకటి తీసుకో అంది. సరైనది దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలనని చెప్పాను. ఆరో జత గోధుమరంగుది. చెక్క మీద ఇరవైసార్లు ఎక్కి దిగాను. మడమ లేవలేదు, వేళ్ళు ఎక్కడా తగల్లేదు.

లేసులు విప్పుకుంటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"చిన్నప్పుడు నీ వేళ్ళు తగిలేవని నాకు తెలుసే. నొక్కితే తెలిసిపోయేది."

"మరి సరిపోయాయని ఎందుకు చెప్పావు?"

"చాలవంటే కొత్తవి నీకు కొని, నన్ను ఆ పాతవాటితోనే ఇంకో ఏడు లాగించమనేది అమ్మ. అప్పుడు నాకు పదేళ్ళు. పోయినేడు నాకది గుర్తే రాలేదు, ఇవాళ కూడా అలవాటుకొద్దీ అనేశాను, ఒట్టు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కస్టమర్లందరికీ తెలుసు. ఇది ఆ కోపం కాదు. పోయినేడు ఆ బండ మీద కూర్చుని నా చేతకానితనాన్ని నేనే తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఎవరికి చెందాలో ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది కూడా. అయినా అక్కని ఒక్క మాట అనలేదు. అనడం మొదలుపెడితే ఆపలేనని భయమేసింది. బూట్లు తీసుకుని ఇంటికొచ్చాను.

మూడు వారాలూ అవి తొడుక్కునే మిషను తొక్కాను, మేడమెట్లు ఎక్కి దిగాను. కస్టమర్లు నవ్వితే నవ్వనిచ్చాను.

కొండ ఎక్కే ఆదివారం రానే వచ్చింది. లోయలోకి దిగేటప్పుడు ఎప్పట్లాగే అక్క ముందు, నేను వెనక. వేళ్ళు తగలడం లేదని ప్రతి మలుపులోనూ చూసుకుంటూ దిగాను. పోయినేడు నేను కూలబడ్డ బండ దగ్గర అక్క ఆగింది.

"కాసేపు కూర్చుంటావా?"

"కావాలంటే నువ్వు కూర్చో. నేను ముందు నడుస్తాను."

అక్క ఒకసారి నా బూట్లకేసి చూసింది. తర్వాత గట్టుకి ఒదిగి నిలబడి, దారి ఇచ్చింది.