బస్తా లేచింది, మొగుడు మిగిలాడు

మా ఆవిడ యాంతీన్ యంత్రాలు ఎలా నడపాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలను మా డచ్చి భాషలోకి తెస్తుంది. పాలు పితికే యంత్రమైనా, పిండి మిల్లైనా, ఒక్క ఇంగ్లీషు ముక్క మిగలనివ్వదు. ఈసారి వచ్చింది మంచం మీది రోగిని గుడ్డ ఊయలలో పైకెత్తి కుర్చీలో దించే యంత్రం. కాళ్ళు పడిపోయి చలికాలమంతా మంచానికి అతుక్కుపోయిన నాలాంటి వాడికే అది. ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తలేని బరువు నాది. కాలవలో పడవలకు దారివ్వడానికి వంతెన ఎత్తి దించే ఉద్యోగం చేసినవాణ్ణి. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, పోయే పడవలను తిట్టుకుంటూ కాఫీ తాగాలని నా ఒకే ఒక్క కోరిక.

కంపెనీవాళ్ళు పరీక్షకని యంత్రాన్ని ఇంటికే పంపారు. దాన్ని ఎన్నడూ చూడని మనిషి కాగితం చదువుకుంటూ నడపగలిగితే అనువాదం బాగున్నట్టు. ఆ పనికి మా చెల్లెలు షౌక్యె వచ్చింది. ఊయలలో నాకు బదులు బంగాళాదుంపల బస్తా వేశారు. బస్తా హాయిగా లేచింది, హాయిగా దిగింది.

"చూశావా! రేపు అనువాదం పంపించేస్తాను," అంది యాంతీన్.

"అయితే ఇప్పుడు నన్నెక్కించు," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఆగు. ఇంకోసారి చూసుకోనీ."

నాకు ఒళ్ళు మండింది. "ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళకు సరిపోయిన డచ్చి నీ మొగుడికి చాలదా?"

"నోరు ముయ్యి వీబ్రెన్!"

"అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది వదినా?" అంది షౌక్యె. "సగం మాటలు నాకెక్కడ అర్థమయ్యాయి? 'అవలంబక బంధనం' అట! అదేమిటో తెలియక నీ ముఖం చూశాను. నువ్వు గడ్డంతో కొక్కెం వైపు చూపించావు."

మా ఇళ్ళలో మొహమాటాలుండవు. యాంతీన్ కాగితాలు లాక్కుని వంటింట్లోకి పోయింది. తలుపు దడాలున పడింది.

మధ్యాహ్నానికి తిరిగి తెచ్చింది. పెద్ద మాటలన్నీ కొట్టేసింది, కొక్కెం కొక్కెమే అయింది. యంత్రం మీట మీదున్న 'రీసెట్' అన్న ఇంగ్లీషు ముక్కను కూడా, పళ్ళు కొరుక్కుంటూనే, ఉండనిచ్చింది.

"నేనిక్కడ ఉండను," అంటూ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, మాకు వీపు తిప్పి నిలబడింది.

షౌక్యె చదివింది, చేసింది. పట్టీలు నా తొడల కింద బిగిశాయి. వంతెనలు ఎత్తిన మనిషిని, నేనే గాల్లోకి లేచాను. పట్టీ తెగుతుందేమోనని పైకి చూశాను. షౌక్యె మాత్రం కాగితాన్నీ నన్నూ తప్ప దేన్నీ చూడలేదు. వంటింటి వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అప్పుడు నా భయం తగ్గింది.

చక్రాల కుర్చీలో వంటింటి గడప దాటాను. యాంతీన్ ఇంకా అటే తిరిగి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

"కాఫీ ఉందా?" అన్నాను.

తిరిగి చూసి భోరుమంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని కాఫీ పోసి, సాసర్లో రెండు బిస్కెట్లు పెట్టింది. మా ఇంట్లో కప్పుకు ఒక్కటే పెడతారు.