ఉప్పు లేని సీసా

చింతపండు పిసుకుతూనే కర్ణ బహదూర్ వంటింటి కిటికీలోంచి ప్రహరీగోడ మీది గాజుసీసా వైపు చూశాడు. ఎండ దాని నడుముదాకా వచ్చింది. పొట్టివాడు, చెంపలెప్పుడూ ఎర్రగా ఉంటాయి; మిరపకాయలు నలిపి నలిపి వేళ్లు అంతకంటే ఎర్రబడ్డాయి. ఎంకపల్లి పక్కన ఈ ఫామ్‌హౌస్‌లో వంటకు చేరేనాటికి అతనికి పచ్చిపులుసు పేరైనా తెలియదు. ఇప్పుడు అది లేనిదే ముద్ద దిగదు.

ఈ సాయంత్రం అతను నేపాల్ వెళ్లిపోతున్నాడు. అతని ఊరున్న జుమ్లా కొండల్లో పండేది సగం ఏడాదికి మించి సరిపోక, మగవాళ్లు కిందికి దిగి పనులు వెతుక్కునేవారు. నిరుడు ఊరిదాకా రోడ్డు పడింది. దాని పక్కనే భార్య మనమాయ హోటలు పెట్టింది. ఇక అక్కడ వంట అతనిది. ఆమె పెట్టిన పరీక్ష ఒక్కటే: గుంద్రుక్. ముల్లంగి ఆకును వాడ్చి, దంచి, సీసాలో గాలి చొరకుండా కుక్కి, ఎండలో పులియబెట్టాలి. ఉప్పు వేయకూడదు.

చెయ్యే మాట వినడం లేదు. ఇంతకుముందు పెట్టిన రెండుసార్లూ అలవాటుగా చిటికెడు ఉప్పు చల్లేశాడు.

"మన వంట మర్చిపోతే చెప్పు, గిన్నెలు కడిగే పని ఖాళీగానే ఉంది," అని మనమాయ ఫోన్‌లో నవ్వింది. అతనూ నవ్వాడు గానీ గుబులు పట్టుకుంది. గోడ మీద ఉన్నదే చివరి సీసా. ఈసారి వేశాడో లేదో గుర్తులేదు.

మధ్యాహ్నం సంగమ్మ వచ్చింది. తోటపని ఆమెది, ఆకు ఇచ్చిందీ ఆమే.

"ఏం తమ్మీ, బర్రెలకేసే ఆకును దేశం దాటిస్తున్నవా?"

"జర రుచి చూడక్కా. నా నాలుకను నేనే నమ్మలేకపోతున్న."

మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. సంగమ్మ ముక్కు మూసుకుని ఇంత నోట్లో వేసుకుంది. కళ్లు చికిలించింది.

"పులుపు మంచిగనే ఉన్నది. గని ఉప్పేది? గింత మతిమరుపుతోని హోటల్ ఎట్ల నడుపుతవ్?"

కర్ణ ఎగిరి గంతేశాడు. "ఉప్పు లేదా? ఇంకోపారి చెప్పక్కా!" అంటూ మనమాయకు ఫోన్ కలిపి సంగమ్మ నోటి దగ్గర పెట్టాడు.

"ఉప్పు లేదమ్మా! నీ మొగనికి మతి లేదు!" సంగమ్మ గట్టిగా అరిచింది.

తెలుగు రాని మనమాయ బిత్తరపోయింది. "ఏమంటోంది?"

"నాకు కొలువు దొరికిందంటోంది."

సాయంత్రం మొయినాబాద్ వైపు షేర్ ఆటో వచ్చింది. సగం గుంద్రుక్ డబ్బాలోకి తీసి, చింతపండు మూట పక్కన పెట్టుకున్నాడు. మిగతా సగం సీసాలోనే వదిలాడు. "అది నీకేనక్కా."

"పైలం తమ్మీ!"

ఆటో మలుపు తిరిగింది. సంగమ్మ వంటింట్లోకి వెళ్లి వచ్చింది.

గోడ మీద సీసాకు ఇంకా నీరెండ తగులుతోంది. లోపల మిగిలిన ఆకు మీద, ఆమె ఇప్పుడే చల్లిన గుప్పెడు ఉప్పు కరగకుండా తెల్లగా మెరుస్తోంది.