తల్లి పంది తవ్విన చోటు

తొంభైరెండులో మా ఊళ్ళో వేరుశనగ చేను మీద పడ్డ అడవిపందిని నలుగురం కలిసి పొడిచి చంపాం. నా చేతిలోనూ ఈటె ఉంది. తీరా చూస్తే గట్టుపక్కన రెండు పిల్లలు. మా ఆవిడ దేవకుమారి వాటిని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. "తల్లిని మీరు తీసేశారు. పిల్లల్నన్నా నన్ను పెంచనివ్వండి" అంది.

గంజి పోస్తే చాల్లేదు. అడవి ప్రాణులకు మట్టిలోది కావాలనుకుంది. మురుగుకాలవ పక్కన ఆ తల్లి మూతితో తవ్వుకుంటూ తిరిగిన చోటే తవ్వి, రోజూ గుప్పెడు వానపాములు తెచ్చి పెట్టింది. అక్కడివి లావుగా ఉంటాయట. పిల్లలు కండపట్టాయి. నెల దాటాక పెద్దది దగ్గడం మొదలుపెట్టింది. మెడ చాచి, డొక్కలెగరేసి దగ్గేది. పందిపిల్ల కోసం ప్రార్థన చేయమని చర్చిలో అడగడానికి సిగ్గేసి, ఇంట్లోనే మోకరించాం.

సోమవారం దాన్ని గంపలో పెట్టుకుని, రేపల్లెలో బస్సెక్కి బాపట్ల పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

"ఏంటి బాబాయ్, కూర వండుకోక దగ్గుమందు పోయిస్తావా?" అన్నాడు కాంపౌండరు బాబూరావు.

"నీకు దగ్గొస్తే మీ ఆవిడ కూరొండుకుంటుందా నాయనా?"

నవ్వాడు. మందు తెచ్చేలోపే పిల్ల బల్లమీద ప్రాణం వదిలింది.

డాక్టరుగారు ఊపిరితిత్తి కోసి చూపించారు. తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు గొట్టాల నిండా ఉన్నాయి.

"వానపాములు తిందా?"

"రోజూనండి."

"ఈ పురుగుల గుడ్లు పంది దగ్గితే గొంతులోకొస్తాయి. మింగితే పెంటలో పడతాయి. ఆ పెంట కలిసిన మట్టి తిన్న వానపాములో పిల్లపురుగులు పెరుగుతాయి. ఆ వానపామును పంది తింటే మళ్ళీ ఊపిరితిత్తులకే చేరతాయి. ఇంకోటి ఉందన్నావుగా? ఈ మాత్ర ఈరోజే మింగించు. దగ్గు ముదిరితే నా చేతుల్లో లేదు."

తిరుగు బస్సు చెరుకుపల్లిలో అరగంట ఆగిపోయింది. దిగి పరిగెత్తాలనిపించింది. ప్రభువా, ఇంత చుట్టుదారి నువ్వే వేశావా? పురుగుక్కూడా తిండి చూపించావు, సరే. దానికి మా ఆవిడ చెయ్యే దొరికిందా?

ఇంటికొచ్చేసరికి దేవకుమారి గుప్పిట్లో వానపాములతో వాకిట్లో కూర్చునుంది. చిన్నది ఆమె మోచేతిని మూతితో పొడుస్తోంది.

"పెద్దదేదండీ?"

ఖాళీ గంప చూపించాను. కారణం దాచేద్దామనుకున్నాను. దాస్తే రేపు మళ్ళీ తవ్వడానికి వెళ్తుంది. చెప్పేశాను.

ఆమె గుప్పిట విప్పింది. "నెల్లాళ్ళు ఈ చేత్తోనే పెట్టానండీ" అంటూ ఆ చేతిని నేలకేసి రుద్దుకుంది.

చిన్నది దగ్గింది.

మాత్ర నూరి బెల్లంలో కలిపి నోట్లో పెట్టాం. ఉమ్మేసింది. ఆమె దవడలు పట్టుకుంటే మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మేసింది. కింద పడ్డదాన్ని మట్టితో సహా వేలితో ఎత్తి నాలుక మీద రాశాను.

"మింగమ్మా, మింగు" అంటోంది దేవకుమారి.

నేనిక దేవుణ్ణి ఎందుకని అడగలేదు. మింగనివ్వు చాలు అన్నాను.