లింకు వెంట వచ్చిన దారం

ముందు గదిలో కిటికీ దగ్గర వదిన కుట్టుమిషను, కత్తిరింపు బల్ల చివర మరిది కంప్యూటరు. అన్న పోయాక ఆ మిషనే ఇంటిని నడిపింది, మరిదిని చదివించింది. ఈ మధ్య వీధిలో అందరూ కొత్త కొత్త మోడళ్ళు అడుగుతున్నారు. వదినకు అవి రావు.

ఒక సైటులో కుట్టు టీచరమ్మ ఒకావిడ పాఠాలు చెబుతుంది. డబ్బు కట్టినవాళ్ళు అక్కడే చూసుకోవాలి, ఇంటికి దించుకోవడానికి లేదు. మరిది ఒక కోడు రాశాడు. అది పేజీ వెనకాల రాతంతా గాలించి, దాచిపెట్టిన అసలు వీడియో ఫైలు లింకును పట్టుకొచ్చేది. లింకు దొరకగానే కంప్యూటరు పక్కనున్న కన్నంలోంచి సన్నగా దారం వచ్చేది. ఆ పాఠంలో గౌను ఏ రంగుదైతే దారమూ ఆ రంగుదే.

"మరిదిగారి పంట బాగుంది ఈసారి," అంటూ వదిన దాన్ని కండెకు చుట్టుకునేది. పాఠం చూసేది, ఆ దారంతోనే కుట్టేది. చూస్తుండగానే వీధి సగం ఆ దారం తొడుక్కుని తిరిగింది. మరిది చొక్కా కూడా దాంతో కుట్టిందే.

అతను లింకులు పట్టేవాడే గానీ పాఠాలు చూసేవాడు కాదు. ఒక మధ్యాహ్నం కొత్త పాఠం వచ్చిందేమోనని తెరిస్తే, టీచరమ్మ భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. ఆవిడ చేత్తో కప్పుకుని నవ్వేసింది. తర్వాతి పాఠంలో తన కూతురికని కుట్టిన గౌను ఎత్తి చూపించబోతే, గౌను చేతులు ఊడి బల్ల మీద పడ్డాయి. ఆవిడ వాటినే చూస్తూ కూర్చుంది.

"నా కుట్టు నిలవడం లేదమ్మా. ఇంకొక్క పాఠం చెప్పి ఆపేస్తాను. నిలవని కుట్టు మీకు నేర్పి ఏం లాభం?"

మరిది పేజీ మూసేశాడు. అన్నం దగ్గర వదిన ముఖం చూడలేకపోయాడు. తన చంకలో కుట్టు గట్టిగా ఉందో లేదో మాటిమాటికీ తడుముకున్నాడు. గట్టిగానే ఉంది. అదే నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు మిషను ఆగినప్పుడు చెప్పేశాడు. "వదినా, ఈ దారం మనది కాదు. టీచరమ్మ బట్టల్లోంచి లాగుతున్నాను."

వదిన తల ఎత్తలేదు. "ఎక్కడిదని నేను మాత్రం ఎప్పుడైనా అడిగానా? అడిగితే ఇక కుట్టలేనని ఊరుకున్నాను."

దారం వెనక్కి పోయేలా అతను కోడును తిరగరాశాడు. వదిన దారం కొసను నోట తడిపి కన్నంలో పెట్టింది. కండెలు ఖాళీ అయ్యాక వీధివాళ్ళ బట్టల్లోని దారం ఊడి రావడం మొదలైంది. తలుపు సందుల్లోంచి, గోడల మీదుగా రంగురంగుల పోగులు ఇంట్లోకి వచ్చాయి. మరిది చంకలోంచీ ఒక పోగు ఊడి వాటితో కలిసింది. వదిన ఒక్కో పోగు కొసనూ ఇంకోదానికి, ఆవగింజ కన్నా చిన్న ముడితో కలుపుతూ లోపలికి పంపింది. కాసేపటికి వాకిట్లో జనం. తపాలా ఆయన సంచీ ముందు అడ్డం పెట్టుకుని, పక్కింటావిడ దుప్పటి చుట్టుకుని. నువ్వు కుట్టావా, అతికించావా అని ఒకరు. తనను నలుగురిలో నవ్వులపాలు చేసిందని ఇంకొకరు.

మరిది నోరు తెరవబోయాడు. వదిన అతన్ని వెనక్కి నెట్టింది. "తప్పు నా చేతిదే. కొన్న దారంతో అందరికీ మళ్ళీ కుట్టి ఇస్తాను," అంది. అతను తలుపు వెనకే నిలబడిపోయాడు.

చివరి పాఠం ఇద్దరూ సైటులోనే, డబ్బు కట్టి చూశారు. టీచరమ్మ భుజం కుట్టు కలిసిపోయి ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమి ఆగింది.

"ఈ ముడి నాది కాదు. ఇంత చిన్నగా ముడి వేసే చెయ్యి ఎవరిదో గానీ, నా దగ్గరికి వస్తే ఇద్దరం కలిసి చెబుతాం."

వీధి బట్టలన్నీ కుట్టి ఇచ్చాకే వదిన టీచరమ్మ దగ్గరికి బయలుదేరింది. వెళ్ళే ముందు సూదిలో దారం ఎక్కించి, "నీ చొక్కా ఒక్కటే మిగిలింది, ఇలా తే," అంది.

"ఉండనీ వదినా."

ఆవిడ ఒక్క క్షణం చూసి, ఆ సూదిని అతని కాలరుకే గుచ్చి మెట్లు దిగింది.

ఇప్పుడా పాఠాల్లో ఇద్దరు ఆడవాళ్ళు కనిపిస్తారు. మరిది ఒక్కటీ వదలకుండా చూస్తాడు. చంకలో చిరుగు అలాగే ఉంది. తల వంచి కోడు రాసేటప్పుడల్లా సూది మెడకు గుచ్చుకుంటుంది. తియ్యడు.