మందుకొత్త

ముందు చేతులే చూస్తుంది ఆ హాస్టలు వార్డెనమ్మ, వేళ్ల సందులు విడదీసి మరీ చూస్తుంది, చూడనీ, ఇవాళ ఏం దొరుకుతుందట, నాలుగు ఎండిన మచ్చలు తప్ప, పాచిపెంట దాటి ఇంతసేపయినా సాలూరు రాదేం, ఈ జీపువాడికి దారిలో ప్రతి మనిషీ చుట్టమే, పక్కన భాను కిటికీలోంచి చూస్తోంది, గోక్కోవడం లేదు, చూడండర్రా నా కూతురు గోక్కోవడం లేదు అని జీపంతటికీ వినపడేలా చెప్పాలనుంది, పోయినసారి ఇదే దారిలో ఇంటికి వస్తూ వీపు సీటుకేసి రుద్దుకుంటూనే ఉంది, హాస్టల్లోంచి పంపేశారు, పదో తరగతండీ, పరీక్షలు దగ్గరికొచ్చాయండీ అంటే, గజ్జి తగ్గాకే తీసుకురామ్మా, పిల్లలంతా పక్కపక్కన పడుకునే చోటు అంది, ఆవిడ తప్పేం లేదు, కానీ అందరిముందూ అనాలా, ఊరికి మందులు పంచే ఆశా వర్కరు రాజకుమారిని నేను, నా కూతురికే గజ్జి, తల ఎక్కడ పెట్టుకోను.

మందు లేకనా, ఆసుపత్రి నుంచి తెల్లమందు నేనే మోసుకొచ్చాను, మెడ నుంచి అరికాలి దాకా ఇంటిల్లిపాదీ ఒకే రోజు పట్టించండి అంటే, దురదున్నవాళ్లే, దురదున్న చోటే రాసుకున్నారు, భానుకి ఒళ్లంతా రాశాను, తగ్గిందని మురిసేలోగా నాయనమ్మ దుప్పట్లో దూరింది, మళ్లీ మొదలు, ఆ నాయనమ్మే మా అత్త తవిటమ్మ, ఊరికి పెద్దావిడ, నాకేటి దురదా, నాకేటీ నేదు, కొండగాలికి ఒల్లు పేలిందంతే, అంటూనే మోచెయ్యి బరబరా గోకుతుంది, ఆవిడ రాసుకోకపోతే ఊళ్లో ఇంకెవరు కదులుతారు, నాకు ఒళ్లు మండింది, ఎదురుగా మామిడిపిందె రాలి ఉంటే తీసి కొరకబోయాను, కావాలనే, ఏటి సేత్తన్నావే, అమ్మోరికెట్టకుండా, కొత్తపండగనాడు ఊరంతా ఒక్కపాలి కొత్త తినకుండా నువ్వొక్కదానివే నోట్లో ఎట్టుకుంతావేటే అని నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది, మరి కొత్తరోజున ఆకలి నేదని ఎవలైనా మానేత్తారా అత్తా, ఎలా మానేత్తారే, మంచాన పడ్డోడికైనా నాలిక్కి రాయాల, మరి మందూ అంతే అత్తా, దురదున్నోలూ నేదన్నోలూ అందరూ ఒక్క పూటే.

అత్త గోకుడు మధ్యలో ఆగిపోయింది, నా వంక అలా చూసి చూసి, సచ్చినదానా, ముందే ఇలా సెప్పొచ్చు కదే అంది, కొంగు బిగించి వీధిలోకి పోయి కేకేసింది, లచ్చివారం మందుకొత్తర్రా, ఎవలూ కొండకెల్లకండి, ఎవలూ ఆ పూటకి ముందు రాసుకోవద్దు, ఎనకా రాసుకోవద్దు, ఆ పేరు ఆవిడ నోట ఎలా వచ్చిందో ఏమో, ఆ లక్ష్మివారం సాయంత్రం వదినల వీపులకి ఆడపడుచులు, మామ వీపుకి అల్లుడు, ఎక్కడ చూసినా తెల్లటి మనుషులే, ఒకరిని చూసి ఒకరికి నవ్వు ఆగదు, పైడయ్య బావ నాకొద్దని జారుకోబోతే అత్త కర్ర అడ్డం పెట్టింది, కొత్త తినకుండా ఊరు దాటుతావేట్రా, తెల్లారి స్నానాలు, మరిగే నీళ్లలో బట్టలు, కంచెల మీద దుప్పట్లు, వారం తిరిగాక రెండో మందుకొత్త అని గుర్తుచేసింది కూడా ఆవిడే, నేను కాదు.

సాలూరు వచ్చేసింది, హాస్టలు గేటు, వార్డెనమ్మ ఇంకా అడగనే లేదు, భాను రెండు చేతులూ చాపేసింది, పోయినసారి వెనక్కి దాచుకున్న చేతులు, ఆవిడ తిప్పి తిప్పి చూసి, పూర్తిగా పోయిందే, ఏం వాడారమ్మా అంది, నేను మందు పేరు చెప్పబోతుంటే భాను అందుకుంది, మందుకొత్త చేశామండీ, మా నాయనమ్మ చేయించింది, తల వంచకుండా, సిగ్గుపడకుండా, ఆవిడకేమీ అర్థం కాలేదు, అదేమిటమ్మా అని నా వైపు తిరిగింది, మందు మీ ఆసుపత్రి నుంచే వచ్చింది తల్లీ, ఊరంతా ఒకేసారి చెయ్యి చాచడం మాత్రం మాకెవరూ నేర్పలేదు, అది మాకు ఎప్పటినుంచో వచ్చు.